చెయ్యి వణికినా... బొమ్మ చెదరదు!

ఫొటో మసకగా వస్తే చేతినో కెమెరానో తిట్టుకుంటాం. సినిమావాళ్ల దారి వేరు. వణకని చెయ్యంటూ ఉండదన్న లెక్కతోనే వాళ్లు పని మొదలుపెడతారు. ఫిల్మ్‌నగర్ సెట్లలో ఏళ్లతరబడి నలిగిన ఆ కిటుకులు, చేతిలో ఫోన్ ఉన్న ప్రతివాళ్లకీ పనికొచ్చేవే.

చీకటి పడ్డాక జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీదుగా దుర్గం చెరువు తీగల వంతెన మీదికి వెళ్తే, రెయిలింగు పొడవునా ఎత్తి పట్టుకున్న ఫోన్లు కనిపిస్తాయి. 2020 సెప్టెంబరులో వంతెన తెరిచినప్పటి నుంచీ ఇదే వరస. రంగులు మార్చుకునే తీగలు, కింద నీళ్లలో వాటి నీడలు, అవతల మాదాపూర్ మేడల వెలుగులు. ఫోన్ తెరమీద బొమ్మ భేషుగ్గా ఉంటుంది. ఇంటికెళ్లాక రెండు వేళ్లతో సాగదీసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. చుక్కల్లా ఉండాల్సిన దీపాలు పొట్టి పొట్టి వంకర గీతలై ఉంటాయి. ఇంకాస్త పరీక్షగా చూస్తే, అన్ని దీపాలదీ ఒకటే వంకర. ఒకటి కుడికి వంగి కిందికి జారిందంటే పక్కదీ, ఆ పక్కదీ, ఆ చివర ఉన్నదీ అచ్చం అలాగే జారి ఉంటాయి.

ఆ గీతలు గీసింది ఫోన్ పట్టుకున్న చెయ్యి. షట్టర్ తెరిచి ఉన్న ఆ కాసింత సమయంలో చెయ్యి ఏ దారిన కదిలిందో ప్రతి దీపమూ నమోదు చేసిపెట్టింది.

ఫొటో ఎందుకు చెడిందో తేల్చుకోవడానికి ఇంతకంటే తేలిక పద్ధతి లేదు. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే వైపు అలుక్కుపోతే తప్పు చేతిది. వెనక గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే కదిలింది ఆ మనిషి. ముఖం మసగ్గా ఉండి, వెనకున్న పూలదండ రేకు రేకూ కనిపిస్తుంటే ఫోకస్ తప్పింది. మూడింటికీ విరుగుడు వేరు వేరు. ఈ తేడా చూసుకోకుండానే చాలామంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కెమెరా మంచిది కాదని తేల్చేసి కొత్తదానికి ఈఎమ్ఐలు కట్టడం మొదలుపెడతారు.

వణకని చెయ్యి లేదు

చెయ్యి ముందుకు చాచి, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచి చూడండి. ఎంత ఆరోగ్యవంతుడికైనా కాగితం అంచు సన్నగా అదురుతూనే ఉంటుంది. సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వచ్చే ఈ అదురు అందరిలోనూ సహజంగా ఉండేదే. నరాల నుంచి కండరాలకు ఆదేశాలు ఏకధారగా కాకుండా విడతలు విడతలుగా అందడం, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ పోటు చేతి దాకా పాకడం దీనికి కారణాల్లో కొన్ని. నిద్ర చాలకపోయినా, కడుపు ఖాళీగా ఉన్నా, కంగారుపడినా, బరువు ఎక్కువసేపు మోసినా అదురు పెరుగుతుంది. కాఫీ, టీలు ఎక్కువైనా అంతే. రాత్రంతా షూటింగ్ చేసి, పరగడుపున వరసగా రెండు మూడు ఇరానీ చాయ్‌లు తాగి, తెల్లవారుజామున క్లోజప్ కోసం కెమెరా ఎత్తే చెయ్యి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ వంటి మందులు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచెయ్యడం కూడా చేతిని అదిరిస్తాయి.

సెకనుకు పది అదుర్లంటే ఒక్కో ఊపుకీ పట్టేది 1/10 సెకను. షట్టర్ కూడా 1/10 సెకను తెరిచి ఉంటే ఆ ఊపు మొత్తం ఫొటోలోకి ఎక్కేస్తుంది. 1/200 సెకనులో మూసేస్తే ఎక్కేది అందులో ఇరవయ్యో భాగమే. చెయ్యి అదే, వణుకూ అదే. మారింది షట్టర్ తెరిచి ఉన్న సమయం.

ఇక లెన్స్ సంగతి. చేతిలోని కెమెరా పక్కకి జరగడం కంటే, ఉన్నచోటే కాస్త తిరగడం దూరపు దృశ్యాలను ఎక్కువగా పాడుచేస్తుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అడ్డంగా 6000 పిక్సెళ్లుంటాయి. 50 ఎంఎం లెన్స్ అడ్డంగా సుమారు 40 డిగ్రీల మేర చూస్తుంది, అంటే డిగ్రీకి 150 పిక్సెళ్లు. 200 ఎంఎం లెన్స్ చూసేది 10 డిగ్రీల పైచిలుకే, కాబట్టి డిగ్రీకి దాదాపు 580 పిక్సెళ్లు. చెయ్యి డిగ్రీలో నూరో వంతు తిరిగిందనుకుందాం. మొదటి లెన్స్‌తో బొమ్మ చెదిరేది పిక్సెలున్నర. పెద్ద ప్రింటు వేస్తే తప్ప కంటికి ఆనదు. రెండోదాంతో దాదాపు ఆరు పిక్సెళ్లు. హీరోయిన్ కనురెప్పల వెంట్రుకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడానికి అది చాలు.

ఫొటోగ్రాఫర్లు తరతరాలుగా చెప్పుకునే సూత్రం ఈ లెక్కలోంచి పుట్టిందే. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో, షట్టర్ వేగం సెకనులో కనీసం అన్నో వంతు ఉండాలి. 50 ఎంఎంకి 1/50, 200 ఎంఎంకి 1/200. సెన్సర్ చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరా అయితే ఒకటిన్నరతో హెచ్చవేసుకుని, 200 ఎంఎంకి 1/300. బొమ్మను హోర్డింగ్ సైజుకి పెంచాలన్నా, చెయ్యి మామూలుకంటే ఎక్కువ వణుకుతుందని తెలిసినా ఆ అంకెను రెట్టింపు చేసుకోవడమే క్షేమం.

తెరమీద దాగే మసక

సినిమాలో ప్రతి ఫ్రేమూ అద్దంలా ఉంటుందనుకుంటే పొరపాటు. సినిమా నడిచేది సెకనుకు 24 ఫ్రేములతో. ఒక్కో ఫ్రేముకి కేటాయించిన సమయంలో షట్టర్‌ని సగంసేపే తెరిచి ఉంచడం ఆనవాయితీ, అంటే 1/48 సెకను. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, లైట్ల మినుకు పడకుండా చాలామంది షట్టర్ కోణాన్ని 180 డిగ్రీల నుంచి 172.8కి తగ్గించి, సరిగ్గా 1/50కి తెచ్చుకుంటారు. ఫైట్‌లో సెకనుకు అయిదు మీటర్ల వేగంతో విసిరిన పిడికిలి ఆ ఒక్క ఫ్రేములోనే పది సెంటీమీటర్లు పాకుతుంది. థియేటర్లో అది లోపంగా కనపడదు సరికదా, కదలికని మెత్తగా చూపించేది ఆ మసకే. అదే ఫ్రేమును ఆపి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నలభై అడుగుల కటౌట్‌గా నిలబెడితే మాత్రం పిడికిలి ఉండాల్సిన చోట చారిక మిగులుతుంది.

సెట్లో సినిమాటోగ్రాఫర్ పక్కన స్టిల్ ఫొటోగ్రాఫర్ అనే ఇంకొకరు ఉండటానికి ముఖ్యకారణం ఇదే. ఒకప్పుడు థియేటర్ల ముందు గాజు పెట్టెల్లో పెట్టిన ఫొటో కార్డుల నుంచి ఇప్పటి ఫస్ట్‌లుక్‌ల వరకూ జనం సినిమాను ముందుగా చూసేది ఆ ఫొటోల్లోనే. ఆ పనికున్న ఇరుకులు అన్నీ ఇన్నీ కావు. సినిమా కెమెరా చూసే కోణంలోనే తనూ చూడాలి, కానీ ఆ చోటు కెమెరా యూనిట్‌ది. ట్రైపాడ్ వేసేంత ఖాళీ దొరకదు. టేక్ నడుస్తుండగా ఫ్లాష్ కొట్టకూడదు. సెట్లోనే మాటలు రికార్డు చేసే సినిమా అయితే షట్టర్ చప్పుడు కూడా వినపడకూడదు. షాట్ ఓకే అన్నాక స్టిల్ కోసం నటులు నిలబడే వ్యవధి చాలా తక్కువ. చేతిలో ఉండేదేమో చాలాసార్లు ఒక్క లెన్సే కిలోన్నర దాకా తూగే 70-200 ఎంఎం.

ఇంత ఇరుకులోనూ పదునైన బొమ్మ రావాలంటే మొదట తేలాల్సింది షట్టర్ వేగం. నిలబడి మాట్లాడే మనిషికి 1/125, నడిచే మనిషికి 1/250, స్టెప్పులకి 1/500, దూకుళ్లకీ గుద్దులకీ 1/1000 అన్నది మోటు లెక్క. 2023లో ఆస్కార్ తెచ్చుకున్న ‘నాటు నాటు’ లాంటి పాటలో ఇద్దరి కాళ్లూ ఒకే ఎత్తులో గాల్లో ఆగినట్టు కనపడాలంటే 1/50 ఏ మూలకూ చాలదు.

షట్టర్ త్వరగా మూసుకుంటే లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. 1/125 నుంచి 1/500కి వెళ్తే నాలుగో వంతు వెలుగే మిగులుతుంది. ఆ లోటు తీర్చడానికి ఐఎస్ఓని, అంటే వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయిని, నాలుగింతలు చేస్తే బొమ్మలో ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు ఆ గ్రెయిన్‌కి జడిసి షట్టర్‌ని నెమ్మదిగా ఉంచేస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు దానికి జడవరు. గ్రెయిన్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తుడవొచ్చు. అలుక్కుపోయిన కనుపాపని ఉన్నదున్నట్టు వెనక్కి తేవడం మాత్రం కుదరదు.

శిల్పకళావేదిక లాంటి చోట్ల ప్రీ-రిలీజ్ వేడుకలు తీసేవాళ్లకి ఇంకో తలనొప్పి కూడా ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం దానికి పొసగకపోతే ఫొటోలో అడ్డచారలు పడతాయి. అందుకే అక్కడ చాలామంది 1/100 దగ్గర ఆగిపోతారు. వేగం అంతకంటే పెంచే వీల్లేనప్పుడు మిగిలిన భారమంతా చేతి మీదే పడుతుంది.

భీముడు రావాలంటే రాముడు కదలకూడదు

కదలని కెమెరా విలువ హైదరాబాద్‌కి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టినప్పుడు పనంతా గాజు పలకల మీదే. వేట బృందాలనీ, దర్బారు కొలువులనీ ఆయన కెమెరా కాళ్ల పీట మీద నిలబెట్టుకునే తీశాడు.

తెలుగు సినిమాకి ఆ కట్టుబాటు ద్విపాత్రాభినయంతో ఇంకా గట్టిపడింది. ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో కట్టిన డి.రామానాయుడు, సురేష్ ప్రొడక్షన్స్‌పై తీసిన తొలి సినిమా ‘రాముడు భీముడు’. తాపీ చాణక్య దర్శకత్వంలో 1964లో వచ్చింది. ఎన్టీఆర్‌వి రెండు పాత్రలు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో ఒకే మనిషిని తెరమీద ఇద్దరుగా చూపడానికి మాస్క్ షాట్ వాడేవారు. లెన్స్ ముందు సగం మూసి నటుణ్ని ఒక పక్క నిలబెట్టి తీస్తారు. ఫిల్ముని వెనక్కి చుట్టి, ఈసారి రెండో సగం మూసి, వేషం మార్చుకొచ్చిన అదే నటుణ్ని అవతలి పక్క నిలబెట్టి మళ్లీ తీస్తారు. ఈ రెండింటి మధ్యా కెమెరా వెంట్రుకవాసి జరిగినా అతుకు బయటపడుతుంది, వెనకున్న గోడ మధ్యలో విరిగినట్టు కనిపిస్తుంది. అందుకే స్టాండు కాళ్లకి బరువులు వేసి, ఆ షాట్ అయ్యేదాకా చుట్టుపక్కలకి ఎవరినీ రానిచ్చేవారు కాదు.

ఆ తర్వాత పాతికేళ్లకి పరిస్థితి తలకిందులైంది. కెమెరా పరుగెత్తాలి, బొమ్మ మాత్రం కుదుపుకు లోనవకూడదు. అన్నపూర్ణ స్టూడియోస్ నిర్మించగా 1989 అక్టోబరు 5న విడుదలైన ‘శివ’లో దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ, సినిమాటోగ్రాఫర్ ఎస్.గోపాలరెడ్డి స్టడీకామ్‌ను వాడిన తీరు గురించి సినిమావాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. సందుల్లో, మలుపుల్లో పాత్రల వెంట కెమెరా కూడా పరుగెడుతుంది. చూసేవాడి కన్ను మాత్రం ఎక్కడా తడబడదు.

స్టడీకామ్‌ని తయారుచేసింది అమెరికన్ కెమెరామన్ గారెట్ బ్రౌన్. ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద ఒక అమ్మాయి పరుగెత్తుతుంటే వెంటే కదిలి తీసిన అతని ప్రయోగ దృశ్యాన్ని చూశాకే, 1976లో ‘రాకీ’ సినిమాకి ఆ మెట్ల సన్నివేశం వచ్చింది. 1978లో ఆస్కార్ అకాడమీ బ్రౌన్‌ని సాంకేతిక విభాగంలో సత్కరించింది. స్టడీకామ్‌లో ఉన్న ఉపాయం చేతిని కట్టడి చెయ్యడం కాదు, దాన్ని బరువు నుంచి తప్పించడం. మోత అంతా ఒంటికి బిగించిన కవచం మీదా, స్ప్రింగులున్న ఒక యాంత్రిక చెయ్యి మీదా పడుతుంది. నిలువు కమ్మీకి పైన కెమెరా, కింద బ్యాటరీ, మానిటర్. బరువు అలా రెండు కొసలకీ చీలినప్పుడు చిన్న అదుర్లకి అది ఓ పట్టాన తిరగదు. ఆపరేటర్ వేళ్లు ఆ కమ్మీని తాకీ తాకనట్టు దారి చూపిస్తాయంతే. 2013 తర్వాత వచ్చిన మోటార్ల గింబల్‌లు ఇదే పనిని బ్యాటరీ బలంతో చేస్తున్నాయి. ఇప్పుడవి కృష్ణానగర్‌లో రోజు అద్దెకు దొరుకుతాయి, పెళ్లి వీడియోలవాళ్ల చేతుల్లోనూ కనిపిస్తాయి.

మోసేది ఎముక, నడిపేది వేలు

ఉత్త చేతుల్తో ఫొటో తీసేటప్పుడు కూడా సూత్రం ఇదే. బరువు కండరాల మీద ఉన్నంతసేపూ చెయ్యి అలుస్తుంది, అలిసేకొద్దీ అదురు పెరుగుతుంది. ఆ బరువుని ఎముకల మీదికో, నేల మీదికో, గోడ మీదికో దించేయాలి.

ఎడమ అరచెయ్యి వెల్లకిలా పెట్టి, లెన్స్ అడుగు భాగం అందులో కూర్చోబెట్టాలి. పక్కనుంచి పట్టుకోవడం తప్పు. రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించాలి. కెమెరా వెనకభాగం కనుబొమకీ చెంపకీ తగలాలి. అప్పుడు రెండు చేతులు, తల కలిసి మూడు ఆధారాలవుతాయి. తెర చూడటానికని కెమెరాను చేతులు చాచి దూరంగా పట్టుకుంటే మూడూ పోతాయి. పాదాలు భుజాల వెడల్పున, ఒకటి కాస్త ముందుకి. మెడలోని పట్టీ బిగుతుగా లాగి ఉంచినా కెమెరా కొంత కుదురుకుంటుంది. కింద కూర్చునే వీలుంటే ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో మోకాలి మీద మోచెయ్యి పెట్టాలి. ఇక్కడో కీలకం ఉంది. మోచేతి కొనని మోకాలి చిప్ప మీద పెడితే ఎముక మీద ఎముక జారుతుంది. మోచెయ్యికి కాస్త పైభాగాన్ని మోకాలికి ఆనిస్తే గట్టిగా నిలుస్తుంది.

సెట్లో స్టిల్ ఫొటోగ్రాఫర్ ఊరికే గాల్లో నిలబడటం అరుదు. ట్రాలీ అంచో, ద్వారబంధమో, సామాన్ల పెట్టో ఏదో ఒకదానికి భుజం చేరుస్తాడు. లైట్ స్టాండ్ల మీద వేసే ఇసుక సంచి ఖాళీగా కనిపిస్తే కెమెరా దానిమీదికెక్కుతుంది. ఇంట్లోనైతే గుడ్డసంచిలో కిలో బియ్యం పోసి మూతి కుట్టేస్తే చాలు. కారు కిటికీ మీదైనా, పిట్టగోడ మీదైనా లెన్స్ ఒదిగి కూర్చుంటుంది.

జేబులో పట్టే ఉపాయం ఇంకోటుంది. కెమెరా అడుగున ట్రైపాడ్ కోసం ఉండే రంధ్రం పావు అంగుళానిది. దానికి సరిపడే బోల్టుకి గట్టి తాడు కట్టి, తాడు రెండో కొసని కాలి కింద తొక్కిపట్టి, కెమెరాను పైకి లాగి బిగువుగా ఉంచాలి. నిలువు కదలిక బాగా తగ్గుతుంది. బోల్టు కొనేటప్పుడు కెమెరా వెంట తీసుకెళ్లాలి. మరలు కలవకపోతే బలవంతంగా తిప్పకూడదు, రంధ్రం పాడవుతుంది.

ట్రైపాడ్ ఉన్నా ఒక్కోచోట పనిచెయ్యదు. వంతెన మీద బరువైన బండి వెళ్లినప్పుడు కింద అదిరేది ట్రైపాడ్ కాళ్ల గుండా నేరుగా కెమెరాకి చేరుతుంది. అలాంటిచోట ఒంటినే ఆధారం చేసుకోవడం, బండ్ల మధ్య ఖాళీ చూసి నొక్కడం మేలు.

ఊపిరి వదిలాక...

మీట నొక్కే క్షణం దగ్గర ఫొటోగ్రాఫర్లకీ తుపాకీ గురికాళ్లకీ ఒకటే పాఠం. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. మన నగరానికే చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్ విభాగాల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఈ ఆటలో మొదట నేర్పేవాటిలో ఒకటి ఊపిరి. గుండెల నిండా గాలి పీల్చి బిగబడితే ఒళ్లంతా బిగుసుకుని వణుకు ఎక్కువవుతుంది. మామూలుగా ఊపిరి వదిలాక, మళ్లీ పీల్చే ముందు ఒంటికి సహజంగా వచ్చే చిన్న విరామంలోనే గురి నిలుస్తుంది. మీటని పొడిచినట్టు కాకుండా, వేలిని దానిమీదే ఉంచి మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోవాలి. నొక్కిన వెంటనే వేలు ఎత్తెయ్యకూడదు.

వణుకు తగ్గించే మాత్రలతో ఈ ఆటలో మోసం చేసినవాళ్లూ ఉన్నారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్-సు గెలిచిన రెండు పతకాలనూ వెనక్కి తీసుకున్నారు. పరీక్షలో దొరికింది ప్రొప్రనలాల్, గుండె వేగాన్నీ చేతి అదురునీ తగ్గించే మందు.

షూటర్‌కి లేని వెసులుబాటు ఫొటోగ్రాఫర్‌కి ఒకటుంది. ఒక్క తూటాతో సరిపెట్టుకోనక్కర్లేదు. వరసగా నాలుగైదు ఫ్రేములు తీస్తే, వేలు నొక్కిన కుదుపు మొదటిదాంట్లో, ఎత్తిన కుదుపు చివరిదాంట్లో పడతాయి. మధ్యవాటిలో ఒకటి పదునుగా దొరికే అవకాశమే ఎక్కువ.

లెన్స్‌లోని గైరో

చేతి కుదుపుని కెమెరాయే సరిదిద్దే పద్ధతి 1990ల్లో వచ్చింది. 1994లో నికాన్ ఒక చిన్న ఫిల్మ్ కెమెరాలో దీన్ని పెట్టింది. 1995లో కెనాన్ తెచ్చిన 75-300 ఎంఎం, మార్చుకునే లెన్సుల్లో మొదటిది. కెమెరా ఎటు, ఎంత వేగంగా తిరుగుతోందో గైరో సెన్సర్ కొలుస్తుంది. వెంటనే లోపలున్న ఒక అద్దం అంతే మేర ఎదురు దిశలో జరుగుతుంది. 2003లో మినోల్టా అద్దానికి బదులు సెన్సర్‌నే జరిపింది. 2012లో నోకియా లూమియా 920తో ఇది ఫోన్లలోకీ దిగింది.

ఈ సదుపాయాన్ని స్టాపుల్లో కొలుస్తారు. స్టాపు పెరిగినకొద్దీ షట్టర్ సమయాన్ని రెట్టింపు చేసుకోవచ్చు. నాలుగు స్టాపులంటే 1/200 అవసరమైన చోట 1/12 దాకా దిగొచ్చు. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5 కొన్ని లెన్సులతో ఎనిమిది స్టాపుల వరకూ ఇస్తుందని కంపెనీ ప్రకటించింది. లెక్క ప్రకారం 50 ఎంఎం లెన్స్‌ని అయిదు సెకన్లపాటు చేత్తో పట్టుకోవచ్చన్నమాట. గుడి గోపురానికీ, రాత్రివేళ ఖాళీ సెట్‌కీ అది వరమే. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ మారుతుంది. రెప్పపాటుకి పట్టేది సెకనులో పదో వంతు నుంచి నాలుగు పదో వంతులు. చెయ్యి ఆగినా ఎదుటివాళ్ల రెప్ప ఆగదు. ఒక్కో ఫొటోలో గోడ గడియారం పదునుగా, పక్కన నిలబడ్డ బాబాయి దెయ్యంలా రావడానికి కారణం ఇదే. స్టెబిలైజర్ మన కదలికనే దిద్దుతుంది, ఎదుటివాళ్లది దిద్దదు.

వణుకు జబ్బయినప్పుడు

కొందరికిది అలసటతో వచ్చి పోయేది కాదు. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్లకి కప్పు ఎత్తినా, పెన్ను పట్టినా చెయ్యి అదురుతుంది. చాలా కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో తీరు వేరు. చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఊగుతుంది, సాధారణంగా మొదట ఒక పక్కే. చేతిరాత రానురాను చిన్నదవడమూ ఒక గుర్తు. నరాల వైద్యులు కాగితం మీద సర్పిలం గీయించి చూస్తారు. ఆ గీతలోని వంకర్లే వాళ్లకి చాలా సంగతులు చెబుతాయి. మందులున్నాయి, మందులకి లొంగనప్పుడు మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్స ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లోనూ చేస్తారు. ఫొటోల కోసమని ఎవరికివారు మాత్రలు మింగకూడదు. ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రమాదం.

1946లో రాట్నం పక్కన కూర్చున్న గాంధీ ఫొటో తీసిన మార్గరెట్ బర్క్-వైట్‌కి 1950ల్లో పార్కిన్సన్స్ వచ్చింది. ‘లైఫ్’ పత్రికకి యుద్ధరంగాల నుంచి ఫొటోలు పంపిన చేతులవి. ఆమె దాచుకోలేదు. మెదడుకి శస్త్రచికిత్స చేయించుకుని, 1959లో ఆ పోరాటాన్ని అదే పత్రికలో రాసింది. ఆమె ఫొటోలు తీసింది సహోద్యోగి ఆల్ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్. ఇవాళ్టి లెవొడోపా మందు గానీ, స్టెబిలైజర్లు గానీ ఆనాడు లేవు.

ఇలాంటి వణుకులో ఊపు పెద్దది కాబట్టి లెన్స్‌లోని గైరో చాలాసార్లు అందుకోలేదు. అలాంటివాళ్లకి వెడల్పాటి లెన్స్, 1/500 పైన షట్టర్, ఒంటికాలి మోనోపాడ్, తాకకుండా నొక్కే రిమోట్ మేలు. ఫ్లాష్ వాడే చోటైతే ఇంకా మంచిది. చీకటి గదిలో ఫ్లాష్ వెలిగే సెకనులో వెయ్యో వంతు సమయమే షట్టర్ సమయంగా పనిచేస్తుంది.

ఫోన్‌తో అయితే...

లెన్స్ మీది వేలిముద్రలు ముందు తుడవాలి. సగం మసక అక్కడే పోతుంది. రెండు చేతులతో పట్టుకుని మోచేతులు ఒంటికి ఆనించాలి. తెరమీది గుండ్రటి బొత్తాం కోసం బొటనవేలు చాపితే ఫోన్ ఒరుగుతుంది, పక్కనున్న వాల్యూమ్ బటన్‌తో తీయాలి. చెయ్యి బాగా అదిరేవాళ్లు రెండు సెకన్ల టైమర్ పెట్టుకుంటే నొక్కిన కుదుపు సద్దుమణిగాక ఫొటో పడుతుంది. వేళ్లతో జూమ్ చేసేకొద్దీ వణుకు కూడా పెద్దదవుతుంది, నాలుగడుగులు ముందుకి వెయ్యడమే నయం. నైట్ మోడ్‌లో ఫోన్ ఒక్క ఫొటో కాకుండా వరసగా ఎన్నో తీసి, ఒకదానిమీద ఒకటి సర్ది కలుపుతుంది. తెరమీద లెక్క పూర్తయ్యేదాకా ఫోన్ దించకూడదు.

మీ అంకె ఎంత?

పుస్తకాల్లోని సూత్రాలు సగటు చేతికి చెప్పినవి. ఎవరి చేతికి ఎంత వేగం కావాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఈ పేజీని గోడకి అతికించి రెండు మీటర్ల దూరంలో నిలబడండి. కెమెరాలో షట్టర్ ప్రయారిటీ, ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి స్టెబిలైజర్ ఆపేయండి. 1/250, 1/125, 1/60, 1/30, 1/15 వేగాల్లో పదేసి ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో చూడండి. పదింట్లో ఎనిమిదిటిలో అక్షరాల అంచులు తెగినట్టు కనపడే అన్నిటికంటే నెమ్మది వేగమే మీ హద్దు. స్టెబిలైజర్ పెట్టి ఒకసారి, భుజం గోడకి ఆనించి ఒకసారి, రెండు కాఫీలు తాగాక ఒకసారి ఇదే పరీక్ష చేస్తే ఏది ఎంత కలిసొస్తుందో, ఎంత చెడగొడుతుందో అంకెల్లో తెలుస్తుంది. లెన్స్ మారితే అంకె కూడా మారుతుంది, కాబట్టి ఒక్కోదానికీ విడిగా రాసి కెమెరా సంచిలో పెట్టుకోండి.